కార్తేజు సంఘాధ్యక్షుడు సిప్రియను



గ్రామమున పెద్దఱికము వహించినవారికి తఱచుగా నెదురగు చిక్కు ఒకటి కలదు. పదిమందియు కలిసి పెట్టుకొన్న కట్టుబాటును కొందఱు భయముచేతనో బలవంతముచేతనో తప్పుదురు. ఆపద గడచిన పిమ్మట వారే వచ్చి, తమ్ము మరల చేర్చుకొనుడని వేడుకొందురు. చేర్చుకొనినచో, కష్టములకోర్చి మాట నిలుపుకొన్నవారు నొచ్చుకొందురు. త్రోసివేసినచో, తప్పినవారి కుటుంబములు చెడిపోవును. ఇట్టి చిక్కు ఒక్క గ్రామమునందు గాక ఒక రాష్ట్రమంతట పుట్టగా, దానికి తీర్పు చెప్పవలసివచ్చిన ఒక పురుషుని చరిత్రమును నేడు మీకు విన్నవించెదను. ఆయన పేరు సిప్రియను. క్రీస్తు శకము 258వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన ఆయన తన మతము కొఱకు శిరచ్ఛేదము పొందెను. ఆ విధముగా ప్రాణము లిచ్చినవారిని క్రైస్తవులు హతసాక్షులందురు. ఆయన మరణము గొప్పదే. కాని దానికి ముందు గడచిన ఎనిమిదేండ్ల చరిత్రము మనవంటివారికి మఱింత ఆలోచింపదగినదిగా నాకు తోచుచున్నది.

కార్తేజు ఆఫ్రికా ఖండపు ఉత్తరపు టంచున, మధ్యధరా సముద్రపు టొడ్డున నుండిన పట్టణము. ఇప్పటి ట్యునీసియా దేశపు రాజధానియగు ట్యూనిసునకు చేరువనే దాని శిథిలములు కలవు. ఒకప్పుడు రోమునకు పోటీగా నిలిచిన ఆ పట్టణమును రోమనులు క్రీస్తు పూర్వము 146లో నేలమట్టము చేసిరి. తరువాత వారే దానిని మరల కట్టించి, తమ ఆఫ్రికా రాష్ట్రమునకు ముఖ్యపట్టణముగా చేసికొనిరి. రోము నగరవాసులు తిను గోధుమలలో పెద్ద భాగము ఆ రాష్ట్రము నుండి ఓడలమీద పోవుచుండెను. అక్కడి చదువుకొన్నవారి భాష లాటిను. మన కథ జరిగిన కాలమున అక్కడ క్రైస్తవులు తక్కువవారు కారు. ఊరూరను వారి సంఘములుండెను. కాని దేశమును పాలించువారు ప్రాచీన రోమను దేవతలను కొలుచువారు.

సిప్రియను ధనికుల ఇంట పుట్టెను. అలంకారశాస్త్రమును, సభలలో మాటలాడు విద్యను బోధించుచు గొప్ప పేరు తెచ్చుకొనెను. నడివయస్సు వచ్చు వఱకు ఆయన క్రైస్తవుడు కాడు. ఒక వృద్ధుడైన సంఘపు పెద్దతో స్నేహము కలిగి, సుమారు 246లో బాప్తిస్మము పొందెను. ఆ వృద్ధుడు చనిపోవునప్పుడు తన భార్యను బిడ్డలను సిప్రియనుకే అప్పగించి పోయెను. సిప్రియను తన ఆస్తిలో చాల భాగమును బీదలకు పంచియిచ్చెను. ఈ సంగతులను పాంటియసు అను పరిచారకుడు ఆయన మరణానంతరము వ్రాసిపెట్టెను.

క్రొత్తగా చేరిన ఈ విద్వాంసుని, రెండు మూడేండ్లు గడువకమునుపే, ప్రజలు పట్టుబట్టి తమ సంఘమునకు అధ్యక్షునిగా, అనగా బిషప్పుగా, ఎన్నుకొనిరి. అది 248వ సంవత్సరము చివరనో 249 మొదటనో జరిగెను. ఏండ్ల తరబడి సేవచేసిన పెద్దలలో ఐదుగురికి ఇది గిట్టలేదు. నిన్న వచ్చినవాడు నేడు మాపై అధికారి యయ్యెనా యని వారు మనస్సులో పెట్టుకొనిరి. ఆ అసంతృప్తి తరువాత చాల చిక్కులకు కారణమయ్యెను.

249లో డెసియసు అనునతడు రోము చక్రవర్తి యయ్యెను. సరిహద్దులలో గోతులు మొదలగు జాతులవారు దండెత్తుచుండిరి; రాజ్యము బలహీనపడుచుండెను. దేవతల అనుగ్రహము తప్పినందుననే ఈ కష్టములు వచ్చెనని పాలకులు తలచిరి. కావున రాజ్యములోని ప్రజలందఱును దేవతలకు బలియర్పింపవలెనని చక్రవర్తి శాసనము చేసెను. యూదులకు మాత్రము దీనినుండి మినహాయింపు దొరకెను. బలి యర్పించి, ప్రసాదము రుచిచూచి, అధికారుల యెదుట ధ్రువపత్రమును పొందవలెను. ఇట్టి ధ్రువపత్రములు ఈజిప్టు ఇసుకలో నలువదికి పైగా దొరకినవి. వానిలో 250వ సంవత్సరపు తేదీలు కలవు. తాను ఎల్లప్పుడును దేవతలకు బలులిచ్చుచున్నాననియు, ఇప్పుడు మీ యెదుటనే ఇచ్చితిననియు అర్జీదారుడు వ్రాసికొనగా, చూచితిమని అధికారులు క్రింద చేవ్రాలు చేసిరి. మొసలిదేవుని పూజారిణి యొకతె తీసికొన్న పత్రము గూడ వానిలో నున్నది. దీనినిబట్టి శాసనము అందఱికిని వర్తించెనని తెలియుచున్నది. కాని ఏక దేవుని తప్ప మఱెవ్వరిని కొలువరాదని నియమము గల క్రైస్తవులకే అది ప్రాణసంకటమైనది.

రోము సంఘాధ్యక్షుడైన ఫేబియను 250 జనవరి 20వ తేదీన ప్రాణములు విడిచెను. కార్తేజులో జరిగినదానిని సిప్రియను స్వయముగా వ్రాసియున్నాడు. ఎవరును చేయిపట్టి ఈడ్వకయే, క్రైస్తవులు గుంపులుగా బలిపీఠమునకు పరుగెత్తిరట. ప్రొద్దుగూకుచున్నది, రేపు రండని అధికారులు చెప్పినను, ఈ దినముననే మా బలిని గైకొనుడని కొందఱు బతిమాలిరట. చంటిబిడ్డలను గూడ ఎత్తుకొనిపోయిరట. మఱికొందఱు బలి యర్పింపక, అధికారులకు డబ్బిచ్చి ధ్రువపత్రమును మాత్రము కొనుక్కొనిరి. ఇంకను కొందఱు చెఱసాలలో ఆకలికిని హింసలకును ఓర్చుకొని నిలిచిరి. వారిలో కొందఱు అక్కడనే మరణించిరి.

అప్పుడు సిప్రియను ఏమి చేసెను? ఆయన పట్టణము విడిచి దాగెను. సింహములకు ఆయనను వేయుడని జనులు కేకలు వేయుచుండిరి. ప్రభుత్వమువారు ఆయన ఆస్తిని జప్తుచేసిరి. తాను అక్కడ నుండినచో జనుల కోపము హెచ్చి, తక్కినవారికి గూడ ముప్పు కలుగునని ఆయన చెప్పిన కారణము. కాని తమ అధ్యక్షుని పోగొట్టుకొన్న రోము సంఘమువారికి ఇది రుచింపలేదు. కాపరి గొఱ్ఱెలను విడిచి పారిపోయెనను భావము స్ఫురించునట్లు వారొక ఉత్తరము వ్రాసిరి. సిప్రియను కోపగింపక, అజ్ఞాతవాసము నుండి తాను కార్తేజునకు పంపిన 13 ఉత్తరముల ప్రతులను వారికి పంపెను. బీదలకు డబ్బు పంచుడనియు, చెఱలోనున్నవారిని ఆదరింపుడనియు, రోగులను పరదేశులను మఱవకుడనియు వానిలో వ్రాసియుండెను. దేహముతో దూరమైనను పని మానలేదని ఆయన సమాధానము.

ఈ సమాధానము న్యాయమైనదే యని నాకు తోచును. అయినను, దాగినవాని మాటకు బరువు తగ్గునను సంగతి ఆయనకు తెలియకపోలేదు. నిలిచి హింసపడినవారు ఒకవైపున, పడిపోయినవారు మఱియొకవైపున ఉండగా, రెంటికిని దూరముగా నుండినవాడు తీర్పు చెప్పవలసివచ్చెను.

చిక్కు ఎట్లు ముదిరెనో చూడుడు. చెఱలో నిలిచినవారికి ప్రజలలో మిక్కిలి గౌరవముండెను. పడిపోయినవారు వారియొద్దకు పోయి, మమ్ము మరల చేర్చుకొనవలసినదిగా సిఫారసు చేయుడని వేడుకొనిరి. వారును దయతలచి పత్రములు వ్రాసియిచ్చిరి. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని ఫలానివానిని వానివారితో గూడ చేర్చుకొనుడని కొందఱు వ్రాయసాగిరి. వానివారనగా ఎందఱు? ఇరువదిమందియా, ముప్పదిమందియా? భార్యాబిడ్డలా, దాసదాసీలా, బంధువులా? పేర్లులేని పత్రములు చేతులు మాఱెను. వెనుక చెప్పిన ఐదుగురు పెద్దలలో కొందఱు ఈ పత్రములను చూచి, ఏ విచారణయు లేక పడిపోయినవారిని సహవాసములోనికి తీసికొనుచుండిరి. ఫెలిసిస్సిముసు అనునతడు ఈ పక్షమునకు నాయకుడయ్యెను.

ఇంతలో రోములో మఱియొక పక్షము బయలుదేరెను. నొవాటియను అను పండితుడు, ఒకసారి బలి యర్పించినవానిని సంఘము ఎన్నటికిని చేర్చుకొనరాదని వాదించెను. 251లో కొర్నేలీ అనునతడు రోము అధ్యక్షుడు కాగా, నొవాటియను తానును అధ్యక్షుడననుచు వేఱు సంఘము పెట్టెను. ఈ విధముగా ఒకరు తలుపులు బార్లా తెఱచిరి. మఱియొకరు గడియ వేసిరి.

251 వసంతకాలమున, ఈస్టరు పండుగ గడచిన పిమ్మట, సిప్రియను కార్తేజునకు తిరిగివచ్చెను. ఆ సంవత్సరముననే డెసియసు చక్రవర్తి గోతులతో యుద్ధము చేయుచు చనిపోయెను. సిప్రియను తానొక్కడే తీర్పు చెప్పక, ఆఫ్రికా రాష్ట్రములోని అధ్యక్షులనందఱిని సభకు పిలిపించెను. అజ్ఞాతములో నున్నప్పుడే ఆయన ఈ మాట చెప్పియుండెను: పెద్దల ఆలోచనయు ప్రజల సమ్మతియు లేక ఏ పనియు చేయను.

సభవారు చేసిన నిర్ణయము ఇది. మొదటగా, అందఱి తప్పును ఒక్క త్రాసులో తూచరాదు. ఒక్కొక్కరి సంగతిని విడివిడిగా విచారింపవలెను. డబ్బిచ్చి పత్రము కొన్నవారిని, వారి పశ్చాత్తాపమును పరీక్షించి, చేర్చుకొనవచ్చును. నిజముగా బలి యర్పించినవారు దీర్ఘకాలము ప్రాయశ్చిత్తము చేయవలెను. వారు మరణావస్థలో నున్నప్పుడు సహవాసము నొసగవలెను. ప్రాయశ్చిత్తము లేక చేరవచ్చినవారిని మాత్రము చేర్చుకొనరాదు.

విడివిడిగా విచారించుట యన నేమో సిప్రియను ఒక ఉత్తరమున వివరించియున్నాడు. పిలువగనే ఎగిరి బలిపీఠమునకు పోయినవాడును, చాలకాలము పెనగులాడి తప్పనిసరియై పోయినవాడును ఒక్కటి కారు. తనతోగూడ ఇంటిల్లిపాదిని ఈడ్చుకొనిపోయినవాడు ఒకడు. తానొక్కడు పోయి బలి యర్పించి, భార్యను, బిడ్డలను, తన భూమిని సాగుచేయువారిని ఆపద నుండి తప్పించి, దిక్కులేక వచ్చిన క్రైస్తవులకు తన ఇంట చోటిచ్చినవాడు మఱియొకడు. ఈ ఇద్దఱికి ఒకే శిక్ష విధించుట న్యాయమా యని ఆయన యడిగెను.

ఇంకొక సంగతి. బోనా అను స్త్రీని ఆమె భర్తయే బలిపీఠమునొద్దకు ఈడ్చుకొనిపోయెను. అక్కడివారు ఆమె చేతులు పట్టుకొని, ఆ చేతులతో బలి యర్పింపజేసిరి. చేసినవారు మీరే గాని నేను కానని ఆమె అఱచెను. ఆమెను దేశమునుండి వెళ్లగొట్టిరి. ఇట్టివారి సంగతి ఏమని కాల్డోనియసు అను అధ్యక్షుడు సిప్రియనునకు వ్రాసెను. ఆస్తిని విడిచి దేశత్యాగము చేసినందున ఇట్టివారు తమ తప్పును కడిగికొనిరని అతని యభిప్రాయము. సిప్రియను దానిని మెచ్చుకొనెను. మొదట అధికారి యెదుట నిలిచి, పిమ్మట చిత్రహింసలకు తాళలేక లోబడిన కొందఱిని గూర్చియు ప్రశ్న వచ్చెను. మూడేండ్లుగా ఏడ్చుచున్నవారికి అది చాలునని ఆయన చెప్పెను.

మఱల హింస రానున్నదని తోచినప్పుడు, 252, 253 ప్రాంతమున, సభవారు తమ నిర్ణయమును సడలించిరి. ప్రాయశ్చిత్తము చేయుచున్న వారినందఱిని అప్పుడే చేర్చుకొనిరి. యుద్ధమునకు పోవువానికి డాలు ఇయ్యక పంపుట తగునా యని వారి తలంపు. తాము చేసిన కట్టుబాటును కాలమునుబట్టి తామే మార్చుకొనుటకు వారు సిగ్గుపడలేదు.

ఈ వివాదముల నడుమనే గొప్ప అంటువ్యాధి వచ్చెను. విరేచనములు, వాంతులు, జ్వరము, కన్నులు ఎఱ్ఱబడుట దాని లక్షణములు. కొందఱికి కాళ్లుచేతులు పడిపోయెను. కొందఱికి చూపును వినికిడియు పోయెను. చరిత్రకారులు నేటికిని దానిని సిప్రియను పేరుతోనే పిలుచుచున్నారు. ఏలయన దానిని గూర్చి వివరముగా వ్రాసినవాడు ఆయనయే. భయపడి జనులు స్వంతవారినే వీధులలో విడిచిపెట్టుచుండగా, సిప్రియను తన సంఘమును కూర్చి పనులు పంచెను. ధనవంతులు డబ్బిచ్చిరి, లేనివారు కాయకష్టము చేసిరి. మనవారికి మాత్రమే మేలుచేసినచో అందు విశేషమేమున్నదని చెప్పి, తమ్ము హింసించినవారికి గూడ ఉపచారము చేయించెను. 253 ప్రాంతమున నుమిడియాలో దోపిడిగాండ్రు కొందఱు క్రైస్తవులను చెఱపట్టుకొనిపోగా, వారిని విడిపించుటకు కార్తేజు సంఘము 1,00,000 సెస్టర్సుల రోమను నాణెములను ప్రోగుచేసి పంపెను. ఇచ్చినవారి పేర్ల పట్టికను గూడ సిప్రియను దానితో జతపఱచెను.

ఆయనయందు కాఠిన్యము లేదని చెప్పజాలను. వేఱుపడినవారి సంఘములలో పొందిన బాప్తిస్మము చెల్లదని, అక్కడినుండి వచ్చినవారికి మరల బాప్తిస్మ మియ్యవలెనని ఆయన పట్టుబట్టెను. రోము అధ్యక్షుడైన స్తెఫను దీనికి ఒప్పుకొనలేదు. 256 సెప్టెంబరు 1వ తేదీన కార్తేజులో కూడిన 87 మంది అధ్యక్షులు సిప్రియను పక్షమున చెప్పిరి. తరువాతి కాలమున పాశ్చాత్య సంఘము స్తెఫను మార్గమునే గైకొనెను. అయినను ఆ సభను ప్రారంభించునప్పుడు సిప్రియను, తమతో నేకీభవింపనివారిని తాము తీర్పుతీర్చుట లేదనియు, వారిని సహవాసము నుండి తొలగించుట లేదనియు స్పష్టముగా చెప్పెను.

257లో వలేరియను చక్రవర్తి క్రొత్త శాసనము చేసెను. క్రైస్తవులు సభలు కూడరాదు. తమ శ్మశానములలో ప్రవేశింపరాదు. ఆ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన సిప్రియనును రాష్ట్రాధికారియైన పటెర్నుసు ఎదుట నిలిపిరి. తాను క్రైస్తవుడననియు, ఒక్క దేవునినే కొలుతుననియు ఆయన ఒప్పుకొనెను. సంఘపు పెద్దల పేర్లు చెప్పుమనగా, చాడీలు చెప్పువారిని మీ చట్టములే నిషేధించినవి గదా, నేను చెప్పనని బదులిచ్చెను. అధికారి ఆయనను కురుబిసు అను సముద్రతీరపు టూరికి వెళ్లగొట్టెను.

మఱుసటి సంవత్సరము శాసనము మఱింత కఠినమయ్యెను. సంఘాధ్యక్షులను, పెద్దలను, పరిచారకులను వెంటనే చంపవలెనని ఆజ్ఞ వచ్చెను. 258 ఆగస్టు 6వ తేదీన రోము అధ్యక్షుడగు సిక్స్తును చంపిరి. సిప్రియను అప్పటికి కార్తేజు చెంతనున్న తన తోటకు తిరిగివచ్చియుండెను. క్రొత్త రాష్ట్రాధికారి గలేరియసు మాక్సిముసు అప్పుడు ఉటికా అను వేఱు పట్టణమున నుండి, ఆయనను అక్కడికి తీసికొనిరమ్మని భటులను పంపెను. ఈ వార్త తెలిసి సిప్రియను రెండవసారి దాగెను. దీనికి కారణమును తన సంఘమునకు ఒక ఉత్తరమున తెలిపెను. అధ్యక్షుడు తన ప్రజలున్న పట్టణముననే, వారి కన్నులయెదుటనే, తన విశ్వాసమును ఒప్పుకొనుట తగును. వేఱుచోట చచ్చుట తగదు. అధికారి కార్తేజునకు రాగానే ఆయన తోటలోనికి వచ్చి కూర్చుండెను. 250లో ఆయన దాగుటను కొందఱు పిఱికితనమనిరి. ఈ రెండవ దాగుట ఎందులకో మాత్రము ఎవరికిని సందేహము కలుగలేదు.

సెప్టెంబరు 13వ తేదీన ఆయనను పట్టుకొనిరి. ఆ రాత్రి ఒక అధికారి ఇంట ఉంచగా, సంఘమంతయు ఆ వీధిలోనే జాగరము చేసెను. మఱునాడు విచారణ జరిగెను. ఆనాటి ప్రశ్నోత్తరములను చెప్పు పాత వ్రాత నేటికిని కలదు. అది మిక్కిలి చిన్నది. నీవు సిప్రియనువా యని అధికారి యడిగెను; అవునని ఆయన యనెను. బలి యర్పింపుమనగా, అర్పింపనని చెప్పెను. నీ మేలు ఆలోచించుకొనుమని అధికారి హెచ్చరింపగా, ఇంత స్పష్టమైన విషయమున ఆలోచన యక్కఱలేదు, నీకు విధింపబడిన పని నీవు చేయుమని బదులు చెప్పెను. కత్తితో శిక్షింపవలెనని తీర్పు చదువగా, దేవునికి కృతజ్ఞత చెప్పెను. మమ్మును ఆయనతోగూడ చంపుడని ప్రజలు కేకలు వేసిరి.

చెట్లతో నిండిన ఒక మైదానమునకు ఆయనను తీసికొనిపోయిరి. జనులు చూచుటకు చెట్లెక్కిరి. ఆయన పైవస్త్రము తీసి, మోకరించి ప్రార్థించెను. తలారికి 25 బంగారు నాణెములు ఇయ్యుడని తనవారికి చెప్పెను. రక్తము నేలపాలు కాకుండ సంఘమువారు ఆయన ముందు గుడ్డలు పఱచిరి. కన్నులకు తానే గంత కట్టుకొనెను. చేతులను మాత్రము ఇద్దఱు సహచరులు కట్టిరి. ఆ రాత్రి దివిటీలు పట్టుకొని, ప్రార్థనలు చేయుచు, ఆయన దేహమును సమాధి చేసిరి. కొన్ని దినములకే ఆ రాష్ట్రాధికారియు రోగముతో మరణించెను.

ఆయన వ్రాసినవియు ఆయనకు వచ్చినవియు కలిపి సుమారు 80 ఉత్తరములు మిగిలియున్నవి. మూడవ శతాబ్దపు సంఘము లోలోపల ఎట్లు నడచెనో వానివలన తెలియుచున్నది. నాలుగవ శతాబ్దమున ఆఫ్రికా సంఘము మరల రెండుగా చీలినప్పుడు, రెండు పక్షములవారును సిప్రియను మాటలనే ప్రమాణముగా చూపుకొనిరి. హిప్పో అధ్యక్షుడగు అగస్టీను, బాప్తిస్మ విషయమున సిప్రియను అభిప్రాయమును అంగీకరింపకయే, భిన్నాభిప్రాయములున్నను ఆయన ఐకమత్యమును విడువలేదని మెచ్చుకొనెను. రోముతో అంత వాదించిన ఆయన పేరును రోమను కతోలిక సంఘము తన ప్రాచీనమైన పూజాప్రార్థనలో కొర్నేలీ పేరు ప్రక్కనే చేర్చుకొనెను. ఆ ఇద్దఱిని సెప్టెంబరు 16వ తేదీన స్మరించుచున్నారు. మన తెలుగు దేశపు కతోలిక దేవాలయముల పంచాంగములలో గూడ అదియే తేదీ.

అయ్యలారా, సిప్రియను చరిత్రమున మతవిషయములు నమ్మువారికి కావలసినవి వారికి దొరకును. తీర్పు చెప్పవలసిన పెద్దలకు గూడ దీనిలో కొంత కలదని నా మనవి. ఆయన ఒంటరిగా తీర్పు చెప్పలేదు. తప్పును తప్పనుటకు వెనుదీయలేదు. అయినను తప్పినవాడు ఏ భయమున, ఏ పరిస్థితిలో తప్పెనో యడిగి తెలిసికొనెను. దండన విధించినప్పుడు, తిరిగివచ్చు మార్గమును గూడ వెంటనే చూపెను. ఇతరులు ఏ పరీక్షలో పడిపోయిరో ఆ పరీక్ష తనకు వచ్చినప్పుడు, తాను తీర్పుతీర్చిన ఆ ప్రజల యెదుటనే నిలిచెను. ఆయన తీర్పులకు వారిలో నాటినుండి కలిగిన గౌరవమునకు ఇదియే ముఖ్యకారణమని నేను తలచుచున్నాను.